హార్డ్ డిస్కులో చిన్నోడి భాగం

అట్ల ఆ తెర పక్కే చూస్తాంటే పోయినవి రావు చక్రపాణన్నా. కూర్చో.

అంగడి నీది, కంప్యూటర్ నీది, నేను టైపు కొట్టే దాన్ని. కాదంటాండానా? ఆ లినక్సు సీడీ మాత్రం నాది. నంద్యాల బస్టాండులో కొన్న పత్రికతో వచ్చింది. ఆళ్లగడ్డలో ఎవురి దగ్గరా లేదు. విండోస్ మాదిరే అదీ కంప్యూటర్‌ను నడిపేదే కదా, రెండూ పక్కపక్కన ఉంటే ఎట్లుంటాదో చూద్దామని, నువ్వు అహోబిలం పోయిన రోజు చూసి మొదలుపెడితిని. అది తప్పే.

ముందు డిస్కును రెండు భాగాలు చేయల్ల. ఇదేం కష్టం? మా ఉయ్యాలవాడలో మా నాయనా, చిన్నాయనా చేను పంచుకునేది చూసినా. పెద్దోడు గట్టు వేయల్ల, చిన్నోడు ముందు ఏరుకోవల్ల. అప్పుడు పెద్దోడు మోసం చేయలేడు. నేనూ అట్లే గట్టు వేస్తిని, విండోస్‌కు సగం, లినక్సుకు సగం. ఆనక ఆ లినక్సు తెర మీద అడిగింది, చోటు నువ్వు చూపిస్తావా, నన్నే చూసుకోమంటావా అని. కొత్తగా వచ్చినోడు, చిన్నోడు కదా, నువ్వే ఏరుకో నాయనా అని నొక్కితిని.

చేనంతా దున్నేసిందన్నా. గట్టుతో సహా.

నవ్వుతాండావా? లేదా. సరే.

తెలుసు, మీ నాయన పుస్తకం గురించే కదా. నలభై ఏండ్ల గుడి సేవ గురించి ఆయన రాసుకున్నది, నేను కొట్టిన నూటెనభై పేజీలు, అన్నీ దాంతోనే పోయినాయి. సోమవారం ప్రెస్సుకు పోవల్ల. ఆయన నోటుబుక్కులు భద్రంగా ఉండాయి. మళ్ళీ కొడతా. ఇంటికి పోకుండానైనా కొడతా. పెద్దాయన చేతిరాత నాకిప్పుడు నా రాత కన్నా బాగా తెలుసు.

ముందే ఫ్లాపీల్లోకి ఎక్కించుకోవల్ల కదా అంటావు. ఎక్కించినా.

అప్పుడే నవ్వుమొహం పెట్టొద్దు, విను. సొరుగులో నాలుగు ఫ్లాపీలే ఉండె. పుస్తకం వాటికి సరిపోయేది. నేను ఎక్కించింది నా రాతలు. పని లేనప్పుడంతా ఈడనే కూర్చొని కొట్టుకున్నవి. పెద్దాయనవి నోటుబుక్కుల్లో ఉండాయిలే అనుకుంటిని. నావి ఇంక యాడా లేవు.

ఏం రాసినావు కల్పనా అని మాత్రం అడగొద్దన్నా. దాంట్లో నువ్వు కూడా ఉండావు. అంత మంచోడివిగా ఏం లేవు.