గెడ్డ మీద నోటీసు

చోడవరంలో, రిటైరైన ఇంగ్లీషు టీచరు కృపామణి ఇంటి వరండా. ఎదురుగా ఆమె పాత శిష్యుడు బాలు. ఇప్పుడతను ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తా. ఇంగ్లీషులో రాసిన నోటీసు దిద్దించుకుందామని వచ్చాడు.

"‘స్ట్రాంగ్ రూల్స్’ కాదు, బాలూ. కొట్టెయ్."

"గవర్నమెంటు రూల్సు గట్టివే కదండి, టీచర్‌గారూ?"

"గట్టివే. కానీ స్ట్రాంగ్ అన్నది కాఫీకి చెల్లుతుంది. రూల్స్‌కు జత స్ట్రిక్ట్. ఏడో తరగతిలో చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. తరువాత?"

"‘పుట్ బ్యాన్’ అని రాసేను."

"పెట్టడానికి అదేమైనా పొయ్యి మీద గిన్నెనా? ఇంపోజ్ ఎ బ్యాన్. నిషేధం విధించడం. అసలు మీ ఆఫీసువాళ్లు తెలుగులో ఎందుకు రాయరు?"

"తెలుగైతే మా ఆఫీసరుగారు సదూతారండి. సదివితే వంద మార్పులు సెప్తారు. ఇంగ్లీషైతే సూడకుండా సంతకం ఎట్టీస్తారు."

"సిగ్గుచేటు. సరే, నోటీసు దేనికి?"

"గెడ్డకి అడ్డం కట్టినోళ్లకండి. తీసీమని."

"ఏమిటీ? ఇన్నాళ్లకు కళ్లు తెరిచారా? ఎన్ని అర్జీలు పెట్టాను! ఆ బంగార్రాజు గెడ్డ మీద స్లాబు వేసి షాపులు కట్టాడు. వాన నీళ్లు పోయే ఆ ఒక్క కాలువా మూసుకుపోయి మా వీధంతా మోకాలి లోతు నీళ్లు. మొన్నటి తుఫానుకు నా బైబిలు కూడా నానిపోయింది. రాసుకో."

"టీచర్‌గారూ, నెమ్మదిగా..."

"వయొలేటెడ్ ది రూల్స్. నిబంధనలను ఉల్లంఘించారు. స్ట్రింజెంట్ యాక్షన్. కఠిన చర్య. రాశావా?"

"రాస్తన్నానండి. మరీ అంత కఠినం ఎందుకండి? కాస్త తగ్గించి..."

"తగ్గించడమేమిటి? స్ట్రిక్ట్‌లీ ఎన్‌ఫోర్స్. విత్ ఇమ్మీడియెట్ ఎఫెక్ట్. తక్షణమే అమలు. అందుకున్నవాళ్ల చేతులు వణకాలి."

"ఒణుకుతాయండి, పాపం."

"పాపమా? బంగార్రాజు మీద నీకు జాలేమిటి?"

"కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారేటి? ఎండగా ఉంది."

"కుండలో ఉన్నాయి, తరువాత తాగుదువు గాని. పైన పేరు ఖాళీగా ఉంచావేం?"

"అది ఆఫీసులో రాసుకుంటానండి."

"బాలూ, నా వైపు చూడు. ఎవరి పేరు?"

"ఎవరిదో లెండి..."

"పేరు!"

"దేముడమ్మండి."

"ఇడ్లీ బండి దేముడమ్మా?"

"గెడ్డ గట్టున బండికి నీడగా రెండు రేకులు ఏసిందండి."

"నీళ్లకు అడ్డం ఆ రెండు రేకులా, బంగార్రాజు స్లాబా?"

"స్లాబేనండి."

"మరి అతనికి నోటీసు?"

"ఆయనకి రాయరండి. ఫోను సేస్తారు."

"ఏమని?"

"‘రాజుగారూ, ఈలైతే కొంచెం సూడండి బాబూ’ అని."

"తెలుగులోనా?"

"తెలుగులోనేనండి. నవ్వుకుంటా."

"అతనికి నవ్వుతూ తెలుగు. అక్షరం రాని మనిషికి ఇంగ్లీషు. అదీ నేను నేర్పిన ఇంగ్లీషు! పొద్దున నేను తిన్నది ఎవరి ఇడ్లీ అనుకున్నావు?"

"నేనూ అక్కడే తింటానండి. అప్పు కూడా ఎడతాది నాకు. నేనేటి సేస్తాను? రాయమన్నది రాస్తాను, అంతే."

"అంతేనా? కలం ఇలా ఇవ్వు."

"సింపీకండి, టీచర్‌గారూ! మల్లీ ఇంత ఇంగ్లీషు నావల్ల కాదు."

"చింపను. ఒక్క మాట కూడా మార్చను."

"మరేటి రాస్తన్నారు?"

"పేరు. ఖాళీగా ఉందిగా."

"బం... బంగార్రాజా? అమ్మో! నా ఉజ్జోగం, టీచర్‌గారూ!"

"ఇది నా చేతిరాత. ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపించు."

"ఆఫీసరుగారు సూస్తే?"

"ఇంగ్లీషైతే చూడరని నువ్వే చెప్పావు. వెళ్లు, సంతకం పెట్టించుకురా."