మా ఊళ్లో లేని నీళ్ల ప్లాంటు

ఉద్దానంలో ఒక పల్లె. టీచరు ఇవాంజెలిన్ ఇంటి అరుగు మీద కిడ్నీ ట్రస్టు మేనేజరు కూర్మనాథం కూర్చున్నాడు.

“ఒద్దమ్మా, మంచినీళ్లు ఒద్దు. ఇప్పుడే తాగొచ్చాను.”

“మా ఊరి నీళ్లు మీరు తాగరులెండి. సెప్పండి, ఏటిలగొచ్చారు?”

“జోయెల్ ఇంట్లో నేడా?”

“మా ఆయన డయాలసిస్‌కెల్లారు. పలాసలో మీ సెంటరుకే కదా. మీకు తెలీదేటి?”

“తెలుసు, తెలుసు. ఈమధ్యన మంచం దొరకడమే కష్టమైపోతంది. మొన్న ఇద్దర్ని ఎనక్కి పంపీసాం.”

“బెదిరిత్తన్నారా?”

“అయ్యో, మాటవరసకన్నాను. నువ్వేటో మా ట్రస్టు లెక్కలు సూసావంట?”

“ఎవరు సెప్పారు?”

“సూసావా, నేదా?”

“సూసాను. దొంగతనంగా కాదు. విదేశీ విరాళాలు తీసుకునే ట్రస్టు ఏటేటా లెక్కలు నెట్‌లో పెట్టాలి. ఎవరైనా సూడొచ్చు.”

“ఎవరైనా సూడొచ్చు. ఎవరూ సూడరు టీచరమ్మా. ఇన్నేళ్లలో నువ్వే.”

“మా ఊళ్లో నీళ్ల ప్లాంటు కట్టినట్టు రాసుంది. ఎక్కడుందండీ?”

“అది... కాయితాల మీద ముందూ ఎనకా అవుతాయమ్మా.”

“సూరమ్మత్త కొడుకు కిడ్నీలు పోయి సచ్చిపోయాడు. అదీ ముందూ ఎనకేనా? ఇప్పటికీ ఊరంతా ఆ బోరు నీళ్లే తాగుతన్నాం. ప్లాంటు ఎక్కడుంది?”

“గట్టిగా మాటాడకు. ఎవరికైనా సూపించావా?”

“ఎందుకడుగుతన్నారు?”

“అడుగుతన్నాను. జోయెల్‌కి సూపించావా?”

“నేదు. ఒంట్లో బాగోని మనిషికి ఎందుకని.”

“మంచిపని సేసావు. సాలా మంచిపని. ఇంకెవరికీ...”

“పొద్దున్నే మా చర్చి గ్రూపులో పెట్టీసాను.”

“ఏది? ప్లాంటు ముక్క ఒక్కటేనా?”

“మొత్తం ఫైలు. పాస్టరయ్యగారు అందర్నీ సదవమన్నారు. ఆదివారం ఆరాధనయ్యాక కలిసొచ్చి మిమ్మల్నే అడుగుతాం.”

“తీసీ. ఇప్పుడే తీసీ తల్లీ.”

“తియ్యను. రేపట్నుంచి ఆయన్ని రావద్దంటారా? అనండి. వైజాగైనా తీసుకెల్తాను.”

“నా గురించి కాదమ్మా. నువ్వు ఆఖరి పేజీ దాకా సదివినావా?”

“ప్లాంటు కాడే ఆగిపోయాను. అక్కడితోనే వొళ్లు మండిపోయింది. ఏటుంది అందులో?”

“ప్లాంటు కట్టారు, బాగా నడుత్తంది, ఊరంతా ఆ నీళ్లే తాగుతన్నాం అని ఊరి తరఫున రాసిచ్చిన కాయితం. కింద సంతకం. ఫోను తియ్యి. పెద్దది సేసి సూడు.”

“ఇది... ఇది ఆయన సంతకం. మీరే పెట్టించారు. భయపెట్టి పెట్టించారు.”

“నేను అడగనైనా అడగనేదమ్మా. డయాలసిస్‌కి మొదట వచ్చిన్నాడు, సెంటర్లో మంచం కాళీ నేదు, ఇంటికెల్లిపొమ్మన్నాం. ఏటి రాసిమ్మంటే అది రాసిత్తాను, నన్ను బతికించండని జోయెలే అన్నాడు.”