తీసేసిన వరుసలకు ఫోన్ చేసిన పద్మకుమారి గారు

1982 జూన్ 14వ తేదీన చీపురుపల్లి శాఖలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి పద్మకుమారి గారు, ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. శృంగవరపుకోటలో పదేళ్లు, మిగిలిన కాలంలో అధికభాగం శ్రీకాకుళంలో పనిచేసిన వారు, రోజూ చీపురుపల్లిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళం బస్సు పట్టుకుని కూడా అందరికన్నా ముందే కుర్చీలో కనిపించి మనల్ని సిగ్గుపడేలా చేసేవారు.

2011లో తుఫాను హెచ్చరికలు పంపే తీరగ్రామాల ఫోన్ల డైరెక్టరీ వారి చేతికి వచ్చింది. పదకొండు వేల పేర్లను ఒక్కొక్కటిగా దిద్దడం అయ్యే పని కాదని గ్రహించి, యాభై మూడేళ్ల వయసులో నల్లతెర మీద ఆదేశాలు టైపు చేసి వేల వరుసలను ఒకేసారి సవరించే విద్యను పట్టుదలతో అభ్యసించారు. 'మౌస్ ముట్టని మేడమ్' అని మనం వెనకాల నవ్వుకున్న మాట ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

2013 అక్టోబరులో ఒకనాడు తుఫాను హెచ్చరిక సందేశాలు సాయంత్రం నాలుగింటికి వెళ్లాలి. రెండుసార్లు నమోదైన వారిని తొలగించేందుకు, ఇంటిపేరు, పేరు, ఊరు ఒకటైతే ఒక్క వరుసే ఉంచేలా వారు ఆదేశాల స్క్రిప్టు రాశారు. రెండువందల పద్నాలుగు వరుసలు పోయాయి. అధికారి సంతోషించి పంపించేయమన్నారు. అయితే పాత జాబితాతో పోల్చి, పోయిన వరుసలు చూడనిదే ఏదీ పంపకపోవడం పద్మకుమారి గారి నియమం. చూస్తే ఒకే ఊళ్లో గంగులు పేరు మూడుసార్లు పోయింది. వెంటనే అందులో ఒక నంబరుకు ఫోన్ చేశారు.

"గంగులు గారేనా?"

"ఏ గంగులు కావాలమ్మా? మా తాత పేరే నలుగురు మనవలకీ ఎట్టీసినారు. మిగతా ముగ్గురూ సేపల ఏటకి పడవలు దించుతన్నారు. ఏటి కబురు?"

వారు అతనికి తుఫాను కబురు చెప్పి ఫోన్ పెట్టేసి, "తప్పు నాదేనండి. ఈ జాబితా పంపితే మనుషులు పోతారు" అని అధికారికి అందరి ముందూ చెప్పి, ఫోన్ నంబరు కూడా ఒకటైతేనే తొలగించేలా స్క్రిప్టు మార్చారు. సందేశాలు నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాయి, ఆ ఊరి పడవలన్నీ ఒడ్డునే ఆగాయి. నాటి నుంచి, ఏ వరుస తీసినా ముందు ఆ మనిషికి ఫోన్ చేయాలన్నది మన విభాగపు కట్టుబాటు.

నిన్న కార్యాలయ డైరెక్టరీ సవరించే పని సహోద్యోగి త్రినాథ్ గారికి పడింది. తీయవలసినది ఒకే వరుస. కట్టుబాటు తప్పలేక ఫోన్ చేశారు. ఆ సెల్‌ఫోన్ పక్క గదిలోనే మోగింది.

"మేడమ్, మీ వరుస తీసేయమంటారా?"

"తీసీ బాబూ. పాత జాబితా మాత్రం దాసుకో."

దాచుకున్నాం. వారు లేని జాబితా చూడటం మాకు కష్టంగానే ఉంది. పద్మకుమారి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సౌఖ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, ఆ పాత నంబరుకు మేము ఎన్నేళ్ల తర్వాత ఫోన్ చేసినా వారే పలకాలని మనసారా కోరుకుంటున్నాం.