నట్టు మీద గోళ్లరంగు

బోర్డు ముట్టుకోకండి బాబూ! బోర్డు బేరంలో లేదు. పానాలు, జాకీలు, కంప్రెషరు, ఆ బెంచీ, అన్నీ పట్టుకెళ్లండి. మా పాపతో మాటాడుకున్నారు కదా, నేనడ్డం రాను. ఆ 'హరిత టర్బో వర్క్స్' అని రాసిన రేకు మీకెందుకు చెప్పండి? రేకే కదా అంటారేటి? రేకే. అయినా వద్దు.

కోప్పడ్డం లేదు బాబూ. హరినాథ్ గారు కదూ మీ పేరు? కూచోండి, ఆ టైరు మీద కూచోండి, పరవాలేదు. పాప అట్టపెట్టెలు తేడానికి చౌక్ దాకా ఎల్లింది. దుర్గ్ నించి ఎండలో వచ్చారు, టీ తాగండి ముందు.

నేను ధర్మారావుని. దాని నాన్నని. ఏటి, పోలికలు కనపడతన్నాయా? అది అదృష్టం కాదులెండి దానికి.

సోమవారం నించి రాయపూర్లో షోరూంలో ఉద్యోగం దానికి. కార్లు అమ్మాలట. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుమ్మంలో నించుని, 'ఆయియే సర్' అనాలట. ఇంజను విప్పి మళ్లీ బిగించీగలిగిన పిల్ల బాబూ! ఈ భిలాయి రిసాలీలో ఆడపిల్ల గేరేజీ పెడతాదంటే ఎంతమంది నవ్వారు! నవ్వినోళ్లే తరవాత బళ్లు పట్టుకుని వచ్చారు. అలాంటిది, నిన్న నాతో అంటాది కదా, "నాన్నా, నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది, ఇంక ఎవరి బండీ ముట్టుకోను" అని. బస్, అంతే. ఏడవను కూడా లేదు.

ఎందుకూ అంటారా? అదే చెప్తన్నాను.

నెహ్రూ నగర్ లక్ష్మీప్రసాద్ గారని, స్టీలు ప్లాంటులో పెద్ద ఆఫీసరు చేసి రిటైరయ్యారు. ఆయనకో పాత బండుంది. ఎప్పుడో గోవాలో తయారైందట, రెండే సీట్లు, ఎర్రది, టాపు తీసీవచ్చు. చూస్తే ఎగిరిపోయేలా ఉంటాది. లోపల ఇంజను మాత్రం కూరలకెళ్లొచ్చే ఇంజను. దానికి టర్బో పెట్టమ్మా అని మా పాపకిచ్చారు. మంచాయన.

టర్బో అంటే తెలీదేటి? పాత సామాన్లు కొని అమ్మీ మీకు తెలీకపోడమేటండీ! మరేం లేదు. ఇంజను వదిలీసిన పొగతోటే ఓ చక్రం తిప్పడం, ఆ చక్రం ఇంకోదాన్ని తిప్పితే అది గాలిని ఇంజన్లోకి తోస్తాది. ఎంత గాలి ఎల్తే అంత పెట్రోలు మండుతాది, అంత బలం వస్తాది.

నేను చేసిందీ అదే పని, నా సర్వీసంతా. ప్లాంటులో బ్లోయర్ హౌసని ఉంటాది. ఫర్నేసులోకి గాలి అక్కణ్ణించే ఎళ్లాల. ఇనుము కరగడానికి నిప్పొకటే చాలదు బాబూ. దాని చిన్నప్పుడు ఒళ్లో కూచోబెట్టుకుని చెప్పీవాణ్ణి, 'భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలన్నీ మీ నాన్న ఊపిరే తల్లీ' అని. నమ్మీసేది పిచ్చిది. ఆ గాలి పిచ్చి నా దగ్గిర పట్టిందే.

ఏటంటన్నాను? ఆఁ, టర్బో.

కష్టపడి కట్టింది. పైపులు తనే వంచింది, తనే వెల్డింగు చేసింది. పాత ఇంజను కదా, గాలి తక్కువే పెట్టింది. టర్బో పక్కన ఓ చిన్న డబ్బా ఉంటాది. దానికో కడ్డీ, కడ్డీ చివర నట్టు. గాలి హద్దు దాటితే ఆ కడ్డీ కదిలి ఓ తలుపు తీస్తాది, ఎక్కువైన పొగ పక్కకి పోతాది. నట్టు బిగించామనుకోండి, తలుపు ఆలస్యంగా తెరుచుకుంటాది. మతలబ్, గాలి పెరుగుతాది. ఆ నట్టు మీద, కడ్డీ మీద కలిపి గోళ్లరంగుతో ఎర్ర గీత పెట్టింది మా పాప. గీత తప్పితే నట్టు కదిలినట్టన్నమాట. "నాన్నా, ఇంతకి మించి ఈ ఇంజను తట్టుకోదు" అని నాకు చూపించి మరీ చెప్పింది.

కిందటి నెల్లో ఓ శనివారం సాయంత్రం మా సత్యారావుని ఎక్కించుకుని ఓ చక్కర్ కొట్టింది. ప్లాంటులో నాతోపాటే చేరిన బేచీ వాడే, మా తెలుగోళ్ల అసోసియేషన్లో రోజూ చీట్లపేక ఆడతాం. దిగి ఏటన్నాడో తెలుసా? "ఏటిరా ధర్మా, టర్బో టర్బో అని ఊరంతా ఊదీసావు, మా ఇంట్లో కుక్కరు దీనికంటే గట్టిగా కూస్తాది" అన్నాడు. అక్కడ పేకాడీవాళ్లందరూ నవ్వారు.

హరిత కూడా నవ్వింది బాబూ. అది కూడా నవ్వింది! "అంకుల్, కుక్కరైనా టర్బో అయినా పేలకపోతేనే మంచిది" అంది. దానికేం బాధ లేదు. నాకే మండింది.

ఆ రేత్రి అన్నం సయించలేదంటే నమ్మండి.

మర్నాడు ఆదివారం. నందిని అని గనుల ఊరుంది, దాని అవతల లారీలు తిరగడం మానేసిన రోడ్డొకటుంది. పాత బళ్ల పిచ్చోళ్లంతా అక్కడ చేరి, సరదాకి పరిగెట్టిస్తారు. పొద్దున్నే పాప తయారవడానికి లోపలికెళ్లింది. షెడ్డులో నేనూ, ఆ బండీ.

మీకోటి చెప్పనా? నా సర్వీసంతా, ఫర్నేసు వాళ్లు ఫోన్ చేసి 'హవా బఢావో' అంటేనే గాలి పెంచాను. నా అంతట నేను ఒక్కనాడు పెంచలేదు. పెంచకూడదు కూడా. లోపల ఫర్నేసు ఎలాగుందో బ్లోయర్ దగ్గిర కూచున్నోడికి కనపడదు. ఫర్నేసు దగ్గరున్నోడు చెప్పాల, మనం వినాల. అదీ పద్ధతి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి నేనే నేర్పీవాణ్ణి ఆ పద్ధతి!

మరి ఆ పొద్దున్న నాకెవరు ఫోన్ చేసారు బాబూ?

తిప్పాను. అవును. నేనే. ఆ నట్టు కాసింతే తిప్పుదామనుకున్నాను, ఆ సత్యారావు చెవుల్లో గింగురుమనేటంత. ఇంకాసింత తిప్పాను. పానా అదిగో, మీ సంచీలో పడుంది చూడండి, అదే.

అలా చూడకండి. ఇంకా ఉంది.

పాప గీత వేపు చూడకుండానే ఎక్కీసింది. నందిని రోడ్డు మీద బండి ఎల్లింది. అబ్బ, ఏం ఎల్లింది! ఈల వేసుకుంటూ ఎల్లింది. నేను సత్యారావు భుజం మీద చరిచి "విన్నావేట్రా?" అన్నాను. అంటూనే ఉన్నాను, ఢాం అన్నాది. తెల్లటి పొగ. నూనె చక్రాల మీద పడి బండి గిర్రున తిరిగిపోయి గడ్డిలో పడింది. నా చెయ్యి వాడి భుజం మీదే ఉండిపోయింది. నా కాళ్లు రాలేదు బాబూ. కన్నకూతురి దగ్గిరికి కాళ్లు రాలేదు నాకు. లక్ష్మీప్రసాద్ గారే ముందు పరిగెట్టారు.

బతికింది. మోచెయ్యి దోక్కుపోయిందంతే. బయటికొచ్చి అడిగిన మొదటి మాట "ఇంజను పోయిందా?" అని.

పిస్టనుకి చిల్లు పడింది.

బండిని తాడు కట్టి ఈడ్చుకొచ్చి ఈ షెడ్డులోనే పెట్టారు. పాపని మా ఆవిడ లోపలికి తీసుకెళ్లి కట్టు కడతంది. చెప్పీడానికి అదే టైము, అవునా? ఎల్లి చెప్పీవచ్చు. 'నేనే తల్లీ' అంటే అయిపోను. నేనేటి చేసానో తెలుసా?

నట్టు వెనక్కి తిప్పీసాను. గీతకి గీత కలిసేదాకా. కళ్లజోడు పెట్టుకుని మరీ కలిపాను.

అదే బాబూ, మొదటి తప్పు కోపంలో చేసాను. రెండోది చల్లగా, తెలివిగా చేసాను. చెప్తంటే సిగ్గేస్తంది. అయినా చెప్తన్నాను చూడండి.

మర్నాడు పాప వచ్చి మొట్టమొదట చూసింది ఆ గీతే. చూసి, అక్కడే నేల మీద కూచుండిపోయింది. "నట్టు కదల్లేదు నాన్నా. అంటే నేను పెట్టిందే ఎక్కువైపోయింది" అంది. రెండు రోజులు లెక్కలు మళ్లీ మళ్లీ వేసింది. లెక్క ఒప్పే వస్తంది. ఒప్పే వస్తాది మరి! ఒప్పొచ్చినకొద్దీ దానికి భయం ఎక్కువైంది, తప్పెక్కడుందో తనకే కనపడ్డం లేదని. లక్ష్మీప్రసాద్ గారు ఒక్క మాట అనలేదు, కొత్త ఇంజను వేసుకుందాం లేమ్మా అన్నారు. అదే ఒప్పుకోలేదు.

ఏటి? పాపకి చెప్పీమంటారా?

అందరూ అదే అంటారు. మీరు మూడోవారు బాబూ. మొదట మా మంగలికి చెప్పాను, గెడ్డం గీస్తంటే. తరవాత విశాఖ రైల్లో ఎదర సీట్లో కూచున్న ఎవరో పెద్దాయనకి. చెప్పిన పూట బరువు దిగినట్టుంటాది, అన్నం తింటాను. ఇంటికొచ్చి దాని మొహం చూస్తే మళ్లీ నోరు పడిపోతాది. 'భిలాయి పట్టాలన్నీ మా నాన్న ఊపిరే' అని స్కూల్లో చెప్పుకున్న పిల్ల బాబూ. దాని ముందు ఆ నాన్న కూడా లేకుండా పోతే, ఇంక నాకేం మిగుల్తాది?

అవును, నా గురించే. అప్పుడూ నా గురించే, ఇప్పుడూ నా గురించే. మీరన్లేదు, నేనే అంటన్నాను.

అదిగో, వచ్చీసింది. మీరేటీ అనకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను.

రామ్మా. పెట్టెలు దొరికాయా? ఇదిగో, హరినాథ్ గారితో ఊసుపోక ఏదో మాటాడుతున్నాను. నా కళ్లకేటైంది? ఏటీ లేదే. లేదమ్మా. బెంచీ జరిపితే దుమ్ము లేచింది.

ఏటంటన్నావు? 'నేను చేసిన తప్పుకి నువ్వేల ఏడవాలి నాన్నా' అంటన్నావా?

సరే తల్లీ. ఏడవన్లే. నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు. లెక్క తప్పడం ఎవరికైనా అవుతాది. నేనైతే ఏటీ అనుకోలేదమ్మా.