సీసా మీద ‘నీళ్లు’

ల్యాబ్ సింకు దగ్గర కెమిస్టు ఖాళీ సీసా పట్టుకుని నిలబడ్డాడు. గాజుసామాను కడిగే ఆమె అప్పుడే పనిలోకి వచ్చింది, చేతిసంచి ఇంకా కింద పెట్టలేదు.

“నిన్న ఇందులో ఉన్నదేం చేశావమ్మా?”

“సింకులో పారబోసి కడిగాను సార్. పక్క సీసాలో ఘాటు వాసనొచ్చే మందుంది కదా, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.”

“ఆ మందుతో అంత భయం లేదు. ప్రమాదమంతా ఈ సీసాలో ఉన్న నీళ్లలోనే.”

“అదెలా సార్?”

“రియాక్టర్లో ఆ మందు మీద న్యూట్రాన్లు పడతాయి. న్యూట్రాన్‌ని మింగిన, ఆ మందులోని బ్రోమిన్ పరమాణువు ఒక కిరణాన్ని కక్కుతుంది. తుపాకీ పేలిస్తే భుజాన్ని వెనక్కి తంతుంది చూడు, అలా దానికీ ఎదురు తన్ను తగులుతుంది. ఆ దెబ్బకి మందుతో ఉన్న బంధం పుటుక్కున తెగిపోతుంది. తెగినవాటిని నీళ్లతో కడిగి వేరు చేస్తాం. రేడియేషన్ ఉన్నవి అవే. ఆ కడిగిన నీళ్లే ఈ సీసాలో పోశాను.”

“అయ్యో! సీసా మీద ‘నీళ్లు’ అని కూడబలుక్కుని మరీ చదివాను సార్.”

“రాసింది నేనే. ఏ సీసాలో ఏముందో నాకు తెలిస్తే చాలనుకున్నాను. నీ మీద చిందిందా?”

“జాకెట్టు ముందంతా తడిసింది. నీళ్లే కదా అని అలాగే ఇంటికెళ్లాను. గ్లౌజులు అయిపోయి వారమైంది.”

“ఇంట్లో ఎవరెవరున్నారు?”

“అత్తయ్య, మా ఆయన, నాలుగు నెలల పాప.”

“డాక్టరు గారు వస్తున్నారు, పరీక్ష చేస్తారు. ఆయన చెప్పేదాకా పాపకి పాలివ్వకమ్మా.”

“ఎందుకని?”

“ఆ బ్రోమిన్ నీ ఒంట్లోకి చేరి ఉంటే, పాలలోకీ దిగుతుంది.”

“పొద్దున ఇచ్చే వచ్చాను సార్. ఎప్పుడూ లేనిది, కడుపు నిండా తాగింది.”