ఎర్ర బంకా, నీలం బంకా

ఇంకా మాటలు రాని పాపను డాక్టరుకు చూపించాలని బయలుదేరిన కారు, ఎదురెదురుగా ఉన్న రెండు పెట్రోలు బంకుల దగ్గర రోడ్డు వారగా ఆగి ఉంది. ముందు సీట్లో నాన్న. వెనక సీట్లో అమ్మ, ఆమె ఒళ్ళో పాప.

"...అందుకే చెప్తున్నా, ఎర్ర బంకు వాళ్ళ ప్రీమియం పెట్రోలు పోయిస్తే బండి బాగా లాగుతుంది. నీలం వాళ్ళదైతే ఇంజను చల్లగా ఉంటుంది. లాగడం ముఖ్యమా, చల్లదనం ముఖ్యమా?"

"ఆస్పత్రి ముఖ్యమండీ. మన పేరు పిలిచే వేళయింది."

"వెళ్దాం. ముల్లు చూడు, అడుక్కి వచ్చేసింది. ఏదో ఒకటి కొట్టించకపోతే మధ్యదారిలో ఆగిపోతాం."

"ఆ ఏదో ఒకటి ఏదో తేల్చండి మరి. ఇందాక ఎర్ర బంకులోకి వెళ్ళి, పైపు పట్టుకున్నాయనతో ఒక్క నిమిషం అని చెప్పి తిరిగొచ్చేశారు. నీలం బంకులోనూ అదే వరస. పాపం, వాళ్ళిద్దరూ అటూ ఇటూ నిలబడి మనల్నే చూస్తున్నారు."

"చూడనీ. మా మేనేజరు నీలమే అంటాడు. మీ అన్నయ్యేమో ఎర్రది తప్ప ముట్టుకోడు."

"మా అన్నయ్యకి కారెక్కడిదండీ?"

"స్కూటరుకే అంత తేడా తెలిసిందట, కారుకి తెలీదా? పైగా రెండూ కలిపితే ఇంజనుకి పడదట."

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. ఇదిగో విను, టిక్కు టిక్కుమనడం వినబడ్డంలేదూ?"

"లేదు."

"ఉష్... ఇప్పుడు? గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు."

"బండి గొంతు మీకు బాగానే వినిపిస్తుంది. నాకు దీని గొంతు వినబడితే చాలు."

"మళ్ళీ మొదలుపెట్టకు."

"ఆపితేగా, మొదలుపెట్టడానికి. మా తోటికోడలి కొడుకు దీనికంటే చిన్నవాడు. నిన్న ఫోన్లో పిన్నీ, ఏం కూర అని అడిగాడు. బంగాళాదుంప అని చెప్పి, ఫోను పెట్టేసి ఏడ్చాను."

"మా అమ్మ చెప్పిందిగా, నాకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయట."

"వచ్చాయిగా. ఇక ఆగితే ఒట్టు."

"ఇదిగో, ఇదే వద్దంటా."

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. మొన్నేమో టైర్లలో గాలి అన్నారు. అంతకుముందు బ్రేకులన్నారు. రెండుసార్లూ డాక్టరు దగ్గర మన వంతు పోయింది. ఇవాళ పెట్రోలు. ఇదంతా బండి కోసమేనా?"

"ముల్లు ఇంకా కిందికి దిగినట్టుంది."

"మిమ్మల్నే."

"డాక్టరు చూసి ఏమంటాడో అని. ఏదైనా అనేస్తే ఇక అంతేగా. అననంతవరకూ... ఏమీ లేనట్టేగా."

"నాకు మాత్రం లేదా భయం? దీనికి చెవులు వినబడుతున్నాయో లేదోనని వెనక నుంచి గిన్నెలు పడేసి చూస్తున్నా. ఇంట్లో సొట్ట పడని గిన్నె లేదు."

"అవి నువ్వు పడేసినవా? పిల్ల అల్లరనుకుని మురిసిపోయాను."

"ఏ రంగైనా సరే, బంకులోకి పోనివ్వండి."

"నీలమే దగ్గర. సరే, పోనిస్తున్నా... ఇదిగోనండీ, ట్యాంకు నింపండి."

"మళ్ళీ వచ్చారా సార్? ఈసారైనా కొట్టించుకుంటారా? ప్రీమియమా, మామూలా?"

"ప్రీమియమే. అంటే... మీ ప్రీమియానికీ, ఎదుటివాళ్ళ ప్రీమియానికీ..."

"అమ్మా, మీరైనా చెప్పండమ్మా. వెనక బళ్ళు ఆగిపోయాయి. ప్రీమియమా, మామూలా?"

"నన్నడక్కండి, ఆయన్నే..."

"మామూ... లు."

"మామూలేంటి? ప్రీమియమని ఇప్పుడేగా చెప్పాను."

"నేననలేదండీ."

"నువ్వు కాకపోతే మరెవరన్నారు?"

"పాప అంది సార్, నా కళ్ళముందే. అదేంటి, ఇద్దరూ అలా బిగుసుకుపోయారు? మామూలే కొట్టెయ్యనా?"