గోడ మీద నీటి గీత

తొంభైలో, మే నెల తుఫాను. దివిసీమలోని ఒక ఇంటి ముందు, జనాన్ని బడి మేడకి చేర్చే లారీ హారన్ కొడుతోంది. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే ఆయన సంచి పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. భార్య మాత్రం, గోడకి సున్నం వేసినప్పుడల్లా చెరపకుండా వదిలేసిన పాత నీటి గీత పక్కనే నిలబడింది.

"డెబ్భై ఏడు ఉప్పెన ఇంతవరకే వచ్చిందండీ. అటకెక్కి కూర్చుంటే సరి."

"వచ్చిన నీళ్ల సంగతే ఆ గీత చెబుతుంది. రాబోయే నీళ్ల సంగతి దానికేం తెలుసు?"

"రేపు పొద్దు పొడుస్తుందనడానికి రుజువు లేదంటూ పుస్తకం రాసిన మనిషికి, గీత మీద నమ్మకం ఎలా కుదురుతుంది లెండి!"

"వేళాకోళం తర్వాత. నాకు భయంగా ఉంది."

"నాకు లేదా? ఆ రోజు మీరు బందర్లో ఉన్నారు. మా అన్నయ్య ఇలాగే బడి మేడకని బయల్దేరి దారిలో కొట్టుకుపోయాడు. అటక మీదున్న నేను మిగిలాను."

హారన్ మళ్లీ మోగింది.

"లారీ ఎక్కితే బతుకుతామా? నిజం చెప్పండి."

"తెలియదు. ఇక్కడికంటే అక్కడ బతికే అవకాశం ఎక్కువ. అంతవరకే చెప్పగలను."

ఆమె ఆయన చేతిలోని సంచి అందుకుంది.

"తప్పకుండా బతుకుతామని అనుంటే కదిలేదాన్ని కాదు. పదండి."